చాగంటిలో గంట లేదు: అరుదైన ఇంటిపేరును విప్పే పద్ధతి

కథకుడు చాసో పూర్తి పేరు చాగంటి సోమయాజులు. చాగంటి అనగానే కొందరికి గుడి గంట వినిపిస్తుంది, ఇంకొందరికి ‘కంటి’ వినిపిస్తుంది. ఆ పేరులో గంటా లేదు, కన్నూ లేదు. అది చాగల్లు అనే ఊరి పేరు, కొవ్వూరు దగ్గర ఆ పేరుతో ఊరుంది. ఓరుగల్లు వారు ఓరుగంటి వారైనట్టే చాగల్లు వారు చాగంటి వారయ్యారు. చివరి రెండు అక్షరాలు వ్యాకరణం వల్ల వచ్చినవి. వాటిని అర్థం కోసం పిండితే గంటలూ కళ్లూ రాలుతాయి, అసలు ఊరు మాత్రం దొరకదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అరుదైన ఇంటిపేరు ఉన్నవాళ్లు మొదట అడిగేది ‘మా ఇంటిపేరుకు అర్థమేంటి?’ అనే. ఆ ప్రశ్న చివర్న రావాలి. ముందు పేరు పాత రాత దొరకాలి, తరవాత దాని వ్యాకరణం తేలాలి, ఆపైన అది ఏ నేలదో, ఏ భాషదో తెలియాలి. నిఘంటువు తెరవాల్సింది అప్పుడు. వరస తిరగబడితే ఎంత పెద్ద నిఘంటువైనా తప్పుదారే పట్టిస్తుంది.

ఇంకోటి ముందే తేల్చుకోవాలి: ఆ పేరు నిజంగా అరుదైనదేనా? అరుదుగా కనబడే పేర్లలో చాలావాటికి కారణం రాతే. బళ్లో ఒక గుమస్తా ‘ళ’ను ‘ల’ చేస్తాడు, ఇంకో ఆఫీసులో ‘త’ కాస్తా ‘ట’ అవుతుంది. రెండు తరాలు గడిచేసరికి పక్క ఊళ్లో వందిళ్లున్న పేరే ఇక్కడ నాలుగిళ్ల వింత పేరై కూర్చుంటుంది. తీరం వెంబడి మైలపల్లి అని రాసేవాళ్లూ ఉన్నారు, మైలపిల్లి అని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ పిల్లి పాలు తాగే పిల్లి కాదు. ‘పల్లి’ నోటి వాడుకలో ‘పిల్లి’ కావడం ఈ ప్రాంతంలో మామూలే.

పేరు పుట్టేది ఊరు వదిలాకే

పూసపాడులో ఉన్నన్నాళ్లూ ఎవరినీ పూసపాటి వారని పిలవాల్సిన పని ఉండదు, అక్కడ అందరూ పూసపాడు వాళ్లే. ఊరు దాటి వచ్చినవాళ్లకే ఆ పేరు అంటుకుంటుంది. విజయనగరం రాజుల ఇంటిపేరు పూసపాటి. ఆ వంశం కృష్ణా ప్రాంతం నుంచి వచ్చింది, వారిలో మాధవవర్మ విశాఖ సీమకు చేరింది 1652లో. విజయనగరం కోట అంతకు చాలా తరవాతి మాట. అంటే ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు వెనక్కి చూపిస్తుంది. ఇప్పుడున్న చోటు గురించి అది ఏమీ చెప్పదు.

దీని నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. మీ ఇంటిపేరున్న ఊరు దొరికాక అక్కడికెళ్లి ‘ఈ ఇంటిపేరు వాళ్లున్నారా?’ అని అడిగి, లేరంటే నిరాశపడాల్సిన పని లేదు. లేకపోవడమే సహజం. ఊళ్లో ఆ పేరు దండిగా ఉంటేనే అనుమానించాలి, ఎందుకంటే అప్పుడు ఇంటిపేరు నుంచే ఊరికి పేరొచ్చి ఉండొచ్చు. దిశ తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. ఊరి పేరు నడుమ ‘వాని’, ‘వారి’ ఉంటే (ఫలానావానిపేట, ఫలానావారివలస, ఫలానావానిపాలెం) ఇంటిపేరు ముందు, ఊరు తరవాత. ఉత్తరాంధ్రలో ‘వలస’తో ముగిసే ఊళ్లు లెక్కలేనన్ని. పేరులోనే ఎక్కడినుంచో కదిలివచ్చిన సంగతి ఉంది.

ఒకే ఊరినుంచి బ్రాహ్మణులూ, వెలమలూ, కాపులూ, పనివాళ్లూ వేర్వేరు కాలాల్లో కదిలితే అందరికీ ఒకే ఇంటిపేరు వస్తుంది. కాబట్టి ఇంటిపేరు కులానికి రుజువు కాదు, చుట్టరికానికీ కాదు. ఒకే కులంలో ఇంటిపేరు ఒకటై గోత్రం వేరైతే, రెండు కుటుంబాలు ఒకే ఊరినుంచి విడివిడిగా వచ్చాయేమో చూడాలి.

చివరి అక్షరం ఏం చెబుతుంది

తెలుగు ఇంటిపేరు సాధారణంగా ‘ఫలానా దాని యొక్క’ అన్న రూపంలో ఉంటుంది, పక్కన ‘వారు’ అన్న మాట మనసులో పలుకుతుంది. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. పేరుకు భయపడక్కర్లేదు: ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, కన్ను ‘కంటి’ అవుతుంది, అంతే. ఇంటిపేరులో ఈ మార్పును వెనక్కి తిప్పగలిగితే సగం పని అయినట్టే.

చివర ‘పాటి’ ఉంటే ‘పాడు’ అని చదవాలి. ‘వీటి’ ఉంటే ‘వీడు’, ‘నాటి’ ఉంటే ‘నాడు’: కొండవీటి, వెలనాటి. ఈ ‘పాడు’కీ పాడుబడటానికీ ముడిపెట్టొద్దు, ఊరి పేర్ల చివర అది ఊరనే అర్థంలో వచ్చే మాట. ‘గంటి’ ఉంటే ‘గల్లు’. ‘పర్తి’, ‘వర్తి’ ఉంటే ‘ర్రు’తో ముగిసే ఊరు వెతకాలి: కాకరపర్రు నుంచి కాకరపర్తి, గొడవర్రు నుంచి గొడవర్తి. గొడవర్తిలో గొడవ వెతికిన మహానుభావులూ లేకపోలేదు.

‘ఊరు’ అయితే ‘ఊరి’ అవుతుంది, కానీ ‘ఏరు’ మాత్రం ‘ఏటి’ అవుతుంది: కొల్లేరు, కొల్లేటి. రెండూ ‘రు’తోనే ముగుస్తున్నా దారులు వేరెందుకు? పాత రాతలో ఊరులో ఉన్నది మామూలు ర, నది అర్థంలోని ‘ఏఱు’లో ఉన్నది బండి ఱ. ఆ ఱ ఔపవిభక్తికంలో ‘టి’గా మారుతుంది. ఇప్పుడు బండి ఱ రాసేవాళ్లు లేరు కనుక తేడా మాయమైంది. పాత దస్తావేజులో మీ ఇంటిపేరు బండి ఱతో కనిపిస్తే దాన్ని అచ్చంగా అలాగే ఎక్కించుకోండి. అరసున్న కనిపించినా అంతే. మనకు అక్కర్లేదనిపించిన ఆ గుర్తులే పేరు మూలాన్ని పట్టిస్తాయి.

‘అం’తో ముగిసే ఊరికి ‘పు’ చేరుతుంది: వేమవరం, వేమవరపు. రాజాం, ముక్కాం లాంటి ‘ఆం’ ఊళ్లు ఈ రెండు జిల్లాల్లో కనిపిస్తాయి కాబట్టి, ‘ఆపు’తో ముగిసే ఇంటిపేరు తగిలితే ‘ఆం’ రూపాన్నీ ఊళ్ల జాబితాలో వెతికి చూడటం మంచిది. అయితే ఈ సూత్రం ఒకవైపే పనిచేస్తుంది. ‘పు’ ఉంటే వెనక ‘అం’ ఉందేమో చూడాలి గానీ, ‘పు’ లేదు కనుక ఊరి పేరు కాదనడానికి లేదు. కథకుడు కాళీపట్నం రామారావు 1924లో పుట్టింది శ్రీకాకుళం జిల్లా మురపాకలో. ఆయన ఇంటిపేరుతో ఊరు పశ్చిమ గోదావరి మొగల్తూరు మండలంలో ఉంది. నియమం ప్రకారమైతే ‘కాళీపట్నపు’ కావాలి, కాలేదు.

‘ల’తో ముగిసేవి వేరే జాతి. ఇది బహువచనం మీద వచ్చే రూపం. గేదెలు – గేదెల, మీసాలు – మీసాల. మొదటిది మందలున్న ఇల్లు కావొచ్చు, రెండోది ఒక తాతగారి ముఖం కావొచ్చు. ఇలాంటివి సాధారణంగా ఊరి పేర్లు కావు, మనిషికి వచ్చిన పిలుపులు. గౌరవ బహువచనం కూడా ఇక్కడే కలుస్తుంది: హరికథకు మారుపేరైన నారాయణదాసు ఇంటిపేరు ఆదిభట్ల. ‘భట్లు’ మీద ‘ల’ వచ్చింది, అంటే అది మనిషినో పదవినో పట్టుకున్న పేరు. సోమయాజుల, దీక్షితుల, అవధానుల కూడా ఇదే అచ్చు.

ఇక పల్లి, వలస, పేట, కోట, వాడ లాంటి చివర్లు మారవు. బొడ్డేపల్లి బొడ్డేపల్లే, పాలవలస పాలవలసే. కనుక ఇక్కడ వ్యాకరణం సాయం చెయ్యదు, నేరుగా ఊళ్ల జాబితా పట్టుకోవాలి.

వస్తువు పేరే ఇంటిపేరైనవీ ఉన్నాయి. గిడుగు అంటే వానకు అడ్డంగా పెట్టుకునే తాటాకు గొడుగు. మాట వాడుకలోంచి పోయింది, గిడుగు రామమూర్తి వల్ల ఇంటిపేరుగా లోకమంతా నిలిచింది. నిఘంటువు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే: చివర్న ఏ మార్పూ లేక, ఊళ్ల జాబితాలో దొరక్క, మాట మాత్రం పాత తెలుగులా ఉన్నప్పుడు. బ్రౌణ్య నిఘంటువు, శబ్దరత్నాకరంతో పాటు మాండలిక వృత్తిపదకోశాలు కూడా చూడాలి. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. పనిముట్టు పేరో మగ్గం భాగం పేరో ఇంటిపేరైతే పెద్ద నిఘంటువుల్లో లేనిది వీటిలో దొరకొచ్చు.

నిమ్మాడ వేరు, నిమ్మక వేరు

శ్రీకాకుళం జిల్లాలో ఊళ్ల పేర్లు గమనించండి: నిమ్మాడ, పొన్నాడ, చింతాడ. ముందు చెట్టు, వెనక ‘ఆడ’. నిమ్మవాడ, పొన్నవాడ, చింతవాడ అన్నవాటిలో ‘వ’ కరిగిపోయిందని విడగొట్టడం సహజంగా తోస్తుంది. ఒక పేరుకైతే కాకతాళీయం అనొచ్చు, వరసగా చెట్ల పేర్లు పడుతుంటే బలమైన ఊహ అవుతుంది. ఖాయం కావాలంటే ఆ ఊరికే ‘వాడ’ రూపం ఉన్న పాత రాత దొరకాలి. శాసనాలు పనికొచ్చేది ఇక్కడ. శ్రీకూర్మం గుడి స్తంభాల మీద 13వ శతాబ్దం నాటి తెలుగు శాసనాలున్నాయి. దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు, ఆరో సంపుటంలో సింహాచలం శాసనాలు అచ్చయ్యాయి. వాటిలో మీ తాతల పేర్ల కోసం వెతక్కండి, ఊరి పేరు అప్పట్లో ఎలా రాశారో చూడండి.

ఇప్పుడు పార్వతీపురం, కురుపాం కొండల వైపు పోతే నిమ్మక, తోయక, ఆరిక, బిడ్డిక, కడ్రక లాంటి ఇంటిపేర్లు వినిపిస్తాయి. ‘నిమ్మక’లోనూ నిమ్మ ఉందిగదా అని తెలుగు నిఘంటువు తీస్తే పప్పులో కాలేసినట్టే. ఇవి ఎక్కువగా జాతాపులనే గిరిజనుల పేర్లు. వారి పాత భాష కొంధులు మాట్లాడే కువి వైపుది, ఆ వైపు వంశనామాలకు చివర ‘క’ రావడం రివాజు. కడ్రక అనే వంశం నియమగిరి డొంగ్రియా కొంధుల్లోనూ ఉంది. అంటే ఈ పేర్ల చుట్టాలు కింద మైదానంలో కాక, కొండల మీదుగా ఒడిశా లోపల ఉన్నారు. సవరల సంగతి ఇంకా వేరు. వారి భాష ద్రావిడం కూడా కాదు, ముండా కుటుంబానిది. సవర మాట అనిపిస్తే 1930ల్లో అచ్చైన గిడుగు వారి సవర వ్యాకరణం, నిఘంటువులే మొదటి మెట్టు.

ఒడియా వైపునుంచి వచ్చినవి ఎక్కువగా పదవులు, బిరుదులు. పట్నాయక్ లెక్కల ఉద్యోగి, దళాయి దళపతి, రౌతు గుర్రపు సైనికుడు. పాత్రో, మహాపాత్రో చివరి ‘ఓ’ ఒడియా ఉచ్చారణ ముద్ర. అసలు తిరకాసు స్థానంలో ఉంది. ఒడియాలో ఈ పేరు మనిషి పేరు తరవాత వస్తుంది: సుబ్బారావు పాణిగ్రాహి. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాల్లో కొన్ని కుటుంబాలు తెలుగు పద్ధతికి మారి చివరి మాటను ముందుకు తెచ్చుకున్నాయి, కొన్ని అలాగే ఉంచుకున్నాయి. కాబట్టి పాత కాగితాల్లో మీ ఇంటిపేరు దొరకకపోతే పేరు చివర చూడండి. రౌతు లాంటి మాటతో ఇంకో చిక్కు: ‘రౌతు కొద్దీ గుర్రం’ అని తెలుగు సామెతే ఉంది, మాట రెండు భాషల్లోనూ ఉంది. అక్కడ తేల్చేది మాట కాదు, ఆ ఇంటివాళ్లు ఏ ఊళ్ల వరసలో ఉన్నారన్నదే.

కాగితాల వేట

మొదటి లక్ష్యం చిన్నదే: ఇంటిపేరు తెలుగులో, చేతిరాతలో, 1950కి ముందు రాసిన కాగితాలు కనీసం మూడు, మూడూ వేర్వేరు చేతులవి. ఇంట్లో వెతికితే జాతకం, పెళ్లి శుభలేఖ, భూమి దస్తావేజు, పాత్రల మీద కొట్టించిన పేరు దొరుకుతాయి. ఇత్తడి బిందె మీద సూదిమొనతో చెక్కిన పేరు కూడా సాక్ష్యమే. ఇంగ్లిష్ సర్టిఫికెట్లు లెక్కలోకి రావు. ఇంగ్లిష్‌లో తకూ టకూ, దకూ డకూ, లకూ ళకూ తేడా పోతుంది, దీర్ఘం పోతుంది. ఆ ఇంగ్లిష్‌ను కంప్యూటర్ మళ్లీ తెలుగులోకి తిప్పేసరికి పొన్నాడ ‘పొన్నడ’ అవుతుంది, గేదెల ‘గెడెల’ అవుతుంది. ఆధార్ మీది తెలుగు ఈ పనికి పనికిరాదు.

తరవాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఆన్‌లైన్‌లో వచ్చేది ఇటీవలి దశాబ్దాలకే, పాతవి ఆఫీసులో చేత్తో వెతికించాలి. అక్కడ రెండు సూచికలుంటాయి. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్ల వారీగా, రెండో ఇండెక్స్ ఆస్తి వారీగా. ఇంటిపేరు వేటకు ఒకటోదే కావాలి, కానీ స్పెల్లింగ్ తేలనప్పుడు రెండోదే దిక్కు: తాతల పొలం సర్వే నంబరు పట్టుకుని పోతే పేరు ఎలా రాసినా దస్తావేజు దొరుకుతుంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో. నకలు తీసుకున్నాక చివర దస్తూరి ఎవరిదో చూడండి. ఊరి కరణం చేతిరాతైతే ఇంటిపేరు నమ్మొచ్చు, దూరపు పట్నంలో రాయించిందైతే జాగ్రత్త.

రెవెన్యూ రికార్డుల్లో ముందు అడగాల్సింది ఆ ఊరు జమీందారీదా (శిస్తు జమీందారుకు కట్టేది), రైత్వారీదా (నేరుగా సర్కారుకు కట్టేది) అని. జమీందార్లు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన 1802 శాశ్వత పరిష్కారం తరవాత ఈ రెండు జిల్లాల నేల చాలావరకు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస, సాలూరు, కురుపాం లాంటి జమీల కింద ఉండేది. అలాంటి ఊళ్లలో రైతుల పేర్లు ఎస్టేటు ఠాణా లెక్కల్లో ఉండేవి, సర్కారు దగ్గర కాదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారు చేశారు. జమీ ఊరి వాళ్లకు ప్రతి రైతు పేరూ వరసగా కనిపించే మొదటి సర్కారు రికార్డు చాలాసార్లు ఇదే. అంతకు వెనక్కి పోవాలంటే ఎస్టేటు కాగితాలే శరణ్యం.

జిల్లా పేరు తప్పు రాస్తే ఏ ఆర్కైవ్స్‌లోనూ ఏమీ దొరకదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు ఊళ్లు గంజాం జిల్లావి, శ్రీకాకుళం అప్పటి కాగితాల్లో ‘చికాకోల్’. ఆ తరవాత విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి అప్పుడు శ్రీకాకుళంలోకి వచ్చి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలోకి పోయాయి. పార్వతీపురం, సాలూరు 2022లో మన్యం జిల్లాకు మారాయి. ఒకే ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాలు మారిందన్నమాట. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి. గంజాం సంగతులకు భువనేశ్వర్ వైపూ ఒక కన్నెయ్యాలి.

గయ, కాశీ, పూరీ పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాలు చాలామందికి గుర్తురావు. తాతలెవరైనా పిండ ప్రదానానికి వెళ్లి ఉంటే ఊరు, ఇంటిపేరు, తరాలు ఒకేచోట దొరికే అవకాశం ఉంది. వెళ్లేముందు పాత జిల్లా పేరు, పాత ఊరి పేరు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే ఆ పుస్తకాలు చూసేది ప్రాంతం వారీగానే.

ఆఖరి మెట్టు పటం. ఓటర్ల జాబితాలు తీసి ఆ ఇంటిపేరు ఏయే ఊళ్లలో ఉందో గుర్తు పెట్టండి. మనుషుల్ని కాదు, ఇళ్లను లెక్కపెట్టండి, లేకపోతే పెద్ద కుటుంబం ఒక్కటే పటాన్ని వంచేస్తుంది. గుర్తులన్నీ ఒక గెడ్డ (వాగు) వెంబడో, ఒక పాత జమీ హద్దులోపలో గుంపుగా పడితే పేరు అక్కడ పుట్టిందనుకోవచ్చు. దారి పొడుగునా తీగలా సాగితే బయటి నుంచి వచ్చిందనుకోవాలి. ఊళ్ల జాబితాకు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ వాడండి. మనుషులు లేని గ్రామాలు కూడా అందులో ఉంటాయి. అరుదైన ఇంటిపేరు వెనక ఊరే ఖాళీ అయిపోవడం కద్దు, అలాంటి పేరు రెవెన్యూ పటంలోనూ పొలం పేరులోనూ మాత్రమే బతికి ఉంటుంది.

ఎక్కడ బోల్తా పడతారంటే

అందమైన అర్థం దొరికిన చోటే ఎక్కువ పొరపాట్లు. గురజాడను ‘గురు జాడ’ అని చమత్కరిస్తారు, వినడానికి బాగుంటుంది. గురజాడ అన్నది కృష్ణా జిల్లా పమిడిముక్కల మండలంలో ఒక ఊరు. పల్నాటి గురజాల ఇంకో ఊరు. ఒక్క అక్షరం తేడాతో కుటుంబ చరిత్ర మొత్తం కృష్ణా జిల్లాకు దూరంగా పోతుంది. ఇంటిపేరుకు సంస్కృత మూలం అంటగట్టి రుషిని తెచ్చే ప్రయత్నమూ ఇలాంటిదే. ఊరి పేర్లలో చెట్లూ, చెరువులూ, రాళ్లూ, పశువులూ ఉంటాయి, రుషులు తక్కువ.

దత్తత ఇంకో గండి. చాసో పుట్టింది కానుకొలను వారింట, చాగంటి వారికి దత్తత వెళ్లారు. ఇల్లరికపు అల్లుళ్లలోనూ మామగారి ఇంటిపేరు తీసుకున్నవాళ్లుంటారు. పేరు చరిత్రా రక్తం చరిత్రా ఒకటే అనుకుని వంశవృక్షం గీస్తే కొమ్మ ఇంకో చెట్టుకు అతుక్కుంటుంది. కాగితంలో తండ్రి ఇంటిపేరు ఒకటీ, కొడుకు ఇంటిపేరు ఇంకోటీ కనిపిస్తే గుమస్తా తప్పని కొట్టెయ్యకుండా ముందు దత్తత పత్రం ఉందేమో రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగాలి.

నాయుడు, దొర, పాత్రుడు లాంటివి పేరు చివర ఉంటే బిరుదులు, అవి ఇంటిపేరుతో కలవవు. బడి రిజిస్టర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించుకుపోయిన చోట దాన్ని ఊహించి విప్పొద్దు. ‘బి’ అంటే బొడ్డేపల్లీ కావొచ్చు, బిడ్డికా కావొచ్చు. అప్పటి తోబుట్టువుల కాగితాలో, మేనత్తల పెళ్లి శుభలేఖలో వెతకాలి. ఆడపిల్లల పుట్టింటిపేరు పొడి అక్షరం కాకుండా పూర్తిగా అచ్చయ్యేది శుభలేఖలోనే.

దొరికినదాన్ని రాసి పెట్టేటప్పుడు నాలుగు గడులు వేసుకుంటే చాలు: ఒకటి, దొరికిన అతి పాత రాతా దాని సంవత్సరమూ; రెండు, వెనక్కి తిప్పిన మూల రూపం; మూడు, ఆ రూపంతో ఉన్న ఊరూ మండలమూ; నాలుగు, అర్థం. మొదటి మూడూ కాగితంతో నిండితే నాలుగో గడిలో పెన్నుతో రాయండి. మూడో గడి ఖాళీగా ఉంటే నాలుగోది పెన్సిల్‌తోనే రాయాలి, ఏ మేనత్త ట్రంకుపెట్టెలోనో ఇంకో కాగితం బయటపడితే చెరిపి దిద్దుకోవడానికి వీలుగా.